ఫ్రెంచి బడి, ఇంగ్లీషు బడి, ఇంట్లో తెలుగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి మీద వచ్చాయి. పిల్లలూ మనవలూ కెనడాలోనో ఫ్రాన్సులోనో ఉన్నవాళ్లు అక్కడి ఫ్రెంచి–ఇంగ్లీషు బడుల గురించి అడిగారు. పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం వైపు నుంచి రాసినవాళ్లు ఒడియా–ఇంగ్లీషు బడుల్లో మన తెలుగు పిల్లల అవస్థ చెప్పారు. చాలాచోట్ల ఒకరి జవాబు రెండోవారికీ పనికొస్తుంది కాబట్టి అన్నిటినీ ఒకేచోట వేస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి మాంట్రియల్‌లో వర్క్ పర్మిట్ మీద ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడే స్థిరపడాలని వాళ్ల ఉద్దేశం. మనవడికి ఈ ఆగస్టుతో అయిదేళ్లు నిండుతాయి. బడి ఫ్రెంచిలోనే అంటున్నారు. కోడలేమో ఎలాగైనా ఇంగ్లీషు బడిలో వేయాలని తిరుగుతోంది. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని ఎవరో చెప్పారట. పసివాడికి ఇన్ని భాషలైతే అసలు మాటలే సరిగ్గా రావేమోనని నాకు బెంగ. ఇంత దూరం నుంచి మేం చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక నాన్నమ్మ, బరంపురం

జవాబు: అమ్మా, ముందు చట్టం సంగతి చూసి తర్వాత పిల్లవాడి దగ్గరికి వద్దాం.

మాంట్రియల్ ఉన్నది క్యుబెక్ రాష్ట్రంలో. అక్కడ 1977లో ఫ్రెంచి భాషా చట్టం వచ్చింది. జనం ఇప్పటికీ దాన్ని బిల్ 101 అనే అంటారు. దాని ప్రకారం కిండర్‌గార్టెన్ నుంచి హైస్కూలు చివరిదాకా ప్రభుత్వ బడి అంటే ఫ్రెంచి బడే. ఇంగ్లీషు బడిలో చేర్చుకోవాలంటే అర్హత పత్రం కావాలి. తల్లిగానీ తండ్రిగానీ తమ ప్రాథమిక చదువులో ఎక్కువ భాగం కెనడాలోనే ఇంగ్లీషులో చదివి ఉంటే ఆ పత్రం వస్తుంది. మనవాళ్లు పొరబడేది ఇక్కడే. బరంపురంలోనో విశాఖలోనో ఎంత మంచి ఇంగ్లీషు మీడియంలో చదివినా అది ఈ లెక్కలోకి రాదు.

తాత్కాలిక పర్మిట్ మీద ఉన్నవారి పిల్లలకు ఒక మినహాయింపు ఉంది. 2022లో చట్టాన్ని బిగించాక అది మూడేళ్లకు మించి దొరకదు, మామూలుగా పొడిగించరు. ప్రభుత్వ సాయం బొత్తిగా తీసుకోని ప్రైవేటు బడికి ఈ నిబంధన లేదు గానీ ఫీజు మొత్తం మీవాళ్లే కట్టుకోవాలి.

ఇప్పుడు లెక్క వేయండి. మినహాయింపు మీద అయిదేళ్లవాణ్ణి ఇంగ్లీషు బడిలో వేస్తే, ఎనిమిదేళ్లకు వాణ్ణి తీసి ఫ్రెంచి బడిలో పడేయాలి. అయిదేళ్లప్పుడు తోటిపిల్లలందరూ పాటలూ బొమ్మలతో మొదలుపెడతారు కాబట్టి భాష రాకపోయినా పెద్దగా తేడా తెలియదు. ఎనిమిదేళ్లప్పుడు తోటివాళ్లు పేరాలు చదివి జవాబులు రాస్తుంటారు, వీడు ఒక్కడే అక్షరాల దగ్గర ఉంటాడు. అక్కడే స్థిరపడాలనుకుంటున్నారు కాబట్టి మా సలహా ఒకటే: ఈ సెప్టెంబరులోనే ఫ్రెంచి బడిలో వేయమనండి. సెప్టెంబరు 30 నాటికి అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్‌లో తీసుకుంటారు, మీ మనవడికి వయసు సరిపోతుంది. ఫ్రెంచి రాని పిల్లలకు అక్కడ క్లాస్ దకెయ్ అని విడిగా స్వాగత తరగతులు, లేదా మామూలు తరగతిలోనే అదనపు సాయం ఉంటాయి. ఏది ఉందో చేర్చేటప్పుడే అడగాలి. కోడలికి ఇంగ్లీషు గురించి దిగులు అక్కర్లేదు. ఫ్రెంచి బడిలో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు ఒక సబ్జెక్టు, పైగా మాంట్రియల్ వీధిలో, టీవీలో, ఆటస్థలంలో ఇంగ్లీషు ఎలాగూ చెవిన పడుతుంది.

ఇక తెలుగు మానేయమన్న సలహా. దాన్ని మాత్రం దయచేసి వినకండి. పిల్లవాడు బడిలో కొత్త భాష నేర్చుకునేది ఇంటి భాషలో అప్పటికే తెలిసిన విషయాలకు కొత్త పేర్లు తగిలించుకుంటూనే. ‘బరువు’, ‘సగం’, ‘అంతకుముందు’, ‘ఎందుకంటే’ అన్నవి తెలుగులో గట్టిగా తెలిసిన పిల్లవాడికి ఫ్రెంచిలో మాట ఒక్కటే కొత్త. అవి ఏ భాషలోనూ తెలియనివాడికి మాటా కొత్తే, సంగతీ కొత్తే. అమ్మానాన్నలు తమకే అంతంతమాత్రంగా వచ్చిన ఇంగ్లీషులో మాట్లాడితే ‘కమ్, ఈట్, గో, స్లీప్’ దాటి కబుర్లు సాగవు. నష్టం జరిగేది అక్కడ.

బడిలో చేరిన కొత్తలో పిల్లవాడు నోరు విప్పడు. కొందరు కొన్ని వారాలు, కొందరు ఆరు నెలల దాకా కూడా విని ఊరుకుంటారు. టీచరు చెప్పింది చేస్తున్నాడా, పాటల్లో చేతులు ఆడిస్తున్నాడా, తోటిపిల్లల్ని చూసి వరసలో నిలబడుతున్నాడా అన్నది చూడాలి. ఇవి ఉంటే భయం లేదు. ఇంట్లో తెలుగులో కూడా వయసుకు తగ్గ వాక్యాలు రాకపోతే, పిలిస్తే పలకకపోతే, అప్పుడు ముందు వినికిడి పరీక్ష, తర్వాత స్పీచ్ థెరపిస్టు. మాటల్లో నిజమైన ఇబ్బంది ఉంటే అది అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది, ఒక్క ఫ్రెంచిలోనే కాదు. రెండు భాషల వల్ల ఆ ఇబ్బంది పుట్టదు.

ఇంకో సంగతి కోడలికి చెప్పండి. రెండేళ్లలో వాడు ఆటస్థలంలో ఫ్రెంచి గడగడా మాట్లాడేస్తాడు. అంతమాత్రాన పాఠం భాష వచ్చేసినట్టు కాదు. టొరంటోలో జిమ్ కమ్మిన్స్ అనే ఆచార్యుడు చాలాకాలం కిందటే ఇది తేల్చాడు: మాట్లాడే భాషకు ఒకటి రెండేళ్లు, చదువు భాషలో తోటివాళ్లను అందుకోవడానికి అయిదు నుంచి ఏడేళ్లు. మూడో తరగతిలో సైన్సు పేరా అర్థం కాలేదని వాడికి తెలివి లేదనుకోవద్దు, వాడింకా ఆ అయిదేళ్ల మధ్యలో ఉన్నాడు.

ఒక చిక్కు ముందే చెప్పి ఉంచాలి. ఫోనులో ఇంగ్లీషు ఏబీసీడీలు నేర్పించి పంపితే మంచిదని చాలామంది అనుకుంటారు. ఫ్రెంచిలో అక్షరాల ఆకారాలు అవే, పేర్లూ ధ్వనులూ వేరు. ఇంగ్లీషులో ‘ఈ’ అని పిలిచేది అయిదో అక్షరాన్ని, ఫ్రెంచిలో ‘ఈ’ అంటే ఇంగ్లీషువాళ్లు ‘ఐ’ అనే తొమ్మిదో అక్షరం. ఇంగ్లీషు ‘జీ’, ‘జే’ ఫ్రెంచిలో దాదాపు తిరగబడి, మొదటిది ‘ఝే’, రెండోది ‘ఝి’ అవుతాయి. టీచరు స్పెల్లింగు చెబితే పిల్లవాడు ఒకదానికి ఒకటి రాసేది ఇందుకే. సి, హెచ్, ఎ, టి అన్న నాలుగు అక్షరాలు ఇంగ్లీషులో ‘చాట్’, ఫ్రెంచిలో ‘షా’, అంటే పిల్లి. చివరి అక్షరం పలకరు. అందుకని ఈ ఏడాదికి చదవడం ఫ్రెంచిలోనే మొదలవనివ్వండి. ఇంగ్లీషు వినడానికీ ఆడుకోవడానికీ చాలు. ఫ్రెంచిలో మాటలు కూడబలుక్కుని చదవడం వచ్చాక ఇంగ్లీషు చదువు మొదలుపెడితే కలగాపులగం తగ్గుతుంది.

మీరు చేయగలిగింది చాలానే ఉంది. వీడియో కాల్‌లో ‘తిన్నావా, పడుకున్నావా’ అంటే ‘ఊ’ అనే జవాబే వస్తుంది. ఒకే బొమ్మల కథల పుస్తకం రెండు ప్రతులు కొని ఒకటి అక్కడికి పంపండి. వారంలో నాలుగు రోజులు, పావుగంట చొప్పున, ఇద్దరూ అదే పేజీ తెరిచి కూర్చోండి. మొదటిరోజు మీరు చదవండి. రెండోరోజు మధ్యలో ఆపి తర్వాత ఏమవుతుందని అడగండి. మూడోరోజు వాణ్ణే చెప్పమనండి. నాలుగోరోజు కథలో ఒకటి మార్చి తప్పు చెప్పండి, వాడు పట్టుకుంటాడు. ఠాకురాణి జాతరలో పులివేషం ఎలా కడతారో, రంగులు ముందు వేస్తారో తోక ముందు కడతారో మొదటినుంచి చివరిదాకా వరసగా చెప్పండి. ‘ముందు, తర్వాత, అందుకని, లేకపోతే’ అన్న మాటలు ఆ వరసలోనే ఒంటబడతాయి. మధ్యలో వాడు ఫ్రెంచి మాట దొర్లిస్తే తిట్టొద్దు, తెలుగులో చెప్పమని ఒత్తిడీ చేయొద్దు. అదే వాక్యాన్ని మీరు తెలుగులో పూర్తిగా ఒకసారి అని ముందుకు పోండి. భాషలు కలిపి మాట్లాడటం రెండు భాషల పిల్లలందరూ చేసేదే.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మనవరాలు ఫ్రాన్సులో లియోన్ నగరంలో రెండో తరగతికి సమానమైన సీఈ1 చదువుతోంది. బడిలో సగం ఫ్రెంచి, సగం ఇంగ్లీషు. ఇంగ్లీషులో 72 సరిగ్గా రాస్తుంది, ఫ్రెంచిలో చెబితే 6012 అని రాస్తుంది. నేను లెక్కలు చెప్పబోతే ‘తాతయ్యా, మా టీచరు అలా వేయరు’ అంటోంది.
– జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: మాస్టారూ, అమ్మాయికి లెక్క వచ్చు. ఫ్రెంచి అంకెల పేర్లే అలా ఉంటాయి. అరవై దాకా బాగానే నడిచి, డెబ్బై దగ్గర ‘అరవై–పది’ అంటారు. 72 అంటే ‘అరవై–పన్నెండు’. ఎనభై ‘నాలుగు–ఇరవైలు’. 95 అంటే ‘నాలుగు–ఇరవై–పదిహేను’. పిల్ల ‘సువాసాంత్’ అని వినగానే 60 రాసేసి, వెనకాల వచ్చిన ‘దూజ్’కి 12 చేరుస్తుంది. 95కి 42015 రాసే పిల్లలూ ఉంటారు. బెల్జియంలో, స్విట్జర్లండులో డెబ్బైకీ తొంభైకీ సూటి పేర్లున్నాయి గానీ లియోన్ బడిలో అవి చెల్లవు.

దీనికి మందు పది చొప్పున కట్టిన పుల్లలు. ఏడు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి తెలుగులో ‘డెబ్బై రెండు’ అనిపించండి. తెలుగు పేరు ఉన్నదున్నట్టు చెబుతుంది: పదులు ముందు, ఒకట్లు వెనక. తర్వాత అదే కుప్పకు ఫ్రెంచి పేరు. రెండో మెట్టులో ఒక కట్ట విప్పేసి ఆరు కట్టలు, పన్నెండు పుల్లలు చేయండి. ‘అరవై–పన్నెండు’ ఎక్కణ్ణుంచి వచ్చిందో కంటికి కనబడుతుంది. మూడో మెట్టు, పేరు పూర్తిగా విని, నోటితో ఒకసారి తిరిగి చెప్పి, అప్పుడే పెన్సిలు పట్టుకోవాలి. సగం విని రాయడమే తప్పుకు మూలం. 60 నుంచి 79 దాకా ఒకే వరసలో, 80 నుంచి 99 దాకా ఇంకో వరసలో రాసి గోడకు అంటించమనండి. పది కాకుండా ఇరవై గడుల వరస వేస్తే ఫ్రెంచి పేర్లు అందులో చక్కగా కూర్చుంటాయి. ఒక్క చిన్న మెలిక: 71లో మధ్యన ‘ఏ’ అనే కలుపుమాట వస్తుంది, 81లో రాదు.

ఇదే తంటా మన ఊళ్లోనూ ఉంది, మనం గమనించం. ఒడియాలో ఒకట్లు ముందు పలికి పదులు వెనక పలుకుతారు. 29ని ‘అణతిరిశ’ అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ఇంట్లో తెలుగు విన్న పిల్లవాడు ‘తిరిశ’ పట్టుకుని ముందు 3 రాసేస్తాడు. మరాఠీలోనూ 29 ‘ఏకోణతీస’. మహారాష్ట్రలో ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు వేసే బాలభారతి సంస్థ వారి 2019 నాటి రెండో తరగతి లెక్కల పుస్తకం పదులు ముందు చెప్పే పద్ధతి పెడితే పెద్ద గొడవే అయింది. జయపురంలో పిల్లలకు ట్యూషను చెప్పేవాళ్లు కూడా ఇవే పుల్లల కట్టలు వాడుకోవచ్చు.

ఇక మీ పద్ధతికీ వాళ్ల పద్ధతికీ తేడాలు. భాగహారంలో మనం భాజకాన్ని ఎడమన రాస్తాం. ఫ్రాన్సులో భాజ్యం ఎడమన, నిలువుగీతకు కుడిపక్కన భాజకం, దాని కింద గీత గీసి ఆ కింద భాగఫలం. మనం చుక్క పెట్టేచోట వాళ్లు కామా పెడతారు: 3,5 అంటే మూడున్నర. వేలకు కామా పెట్టరు, కొంచెం ఖాళీ వదులుతారు. 3,500 అని మీరు మూడువేల అయిదువందలు రాస్తే ఆ పిల్ల దాన్ని మూడున్నర అని చదువుతుంది, అది తప్పు కాదు. 1కి ముందు పొడుగాటి ఎగువగీత ఉంటుంది, మన కంటికి 7లా కనిపిస్తుంది. అసలు 7కి మధ్యలో అడ్డగీత కొడతారు. ఇవి మీరే మార్చుకోండి, ఆమెను మార్చవద్దు. ఇక్కణ్ణుంచి నాలుగు గీతల కాపీ పుస్తకాలు పంపవద్దు. వాళ్లు సేయెస్ అనే గీతల కాగితం వాడతారు: 8 మిల్లీమీటర్ల గడి, లోపల 2 మిల్లీమీటర్లకో సన్నగీత. చిన్న అక్షరం ఒక సన్నగీత ఎత్తు, ‘ఎల్’ లాంటి పొడుగుది మూడు గీతల ఎత్తు. కొలత మారితే చేతిరాత చెడుతుంది. మీ ఎక్కాలు మాత్రం తెలుగులోనే చెప్పించండి, అవి ఎక్కడికీ పోవు.

ప్రశ్న: మా పాపకు అయిదున్నర. బడిలో ఒడియా, ఇంగ్లీషు. ఇంట్లో నేను తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నాను. ఇప్పుడు మూడూ కలిపేస్తోంది. తెలుగులో ‘కే’ రాయమంటే గుర్తును అక్షరానికి ముందు వేస్తోంది. తన పేరును కూడా తెలుగులో ‘కొమొలొ’లా చదువుతోంది. మావారు తెలుగు ఆపేయమంటున్నారు.
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: తెలుగు మాట ఆపవద్దమ్మా, తెలుగు రాత మాత్రం కొన్నాళ్లు ఆపండి. ఈ రెండూ వేరు.

మీ పాప చేస్తున్న తప్పులు రెండూ చాలా సహజమైనవి. ఒడియాలో ఏత్వం గుర్తు అక్షరానికి ఎడమపక్కన వస్తుంది, ఓత్వం అయితే రెండు పక్కలా వస్తుంది. తెలుగులో రెండూ నెత్తిన వస్తాయి. ఒడియాలో హల్లుకు గుర్తేమీ లేకపోతే నోట్లో ‘ఒ’కు దగ్గరగా పలుకుతుంది, తెలుగులో అదే చోట ‘అ’. ‘కమల’ ఆమె నోట ‘కొమొలొ’ అయిందంటే బడిలో ఒడియా చక్కగా పట్టుబడుతోందన్నమాట. ఇంకో రెండు చిక్కులు ముందు ముందు వస్తాయి. ఒడియాలో ‘ఠ’ ఉత్త వలయం, మన సున్నాలా ఉంటుంది. తెలుగు ‘ఠ’కు లోపల చుక్క ఉంటుంది. ‘ఎ–ఏ’, ‘ఒ–ఓ’ తేడా తెలుగులో ఉంది, ఒడియాలో లేదు కాబట్టి ‘పెట్టు’లో ‘పె’నీ ‘పేట’లో ‘పే’నీ పాప ఒకేలా రాసేయవచ్చు.

ఒక లిపి నిలబడేదాకా ఆగడం మంచి పద్ధతి. మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్ ఊళ్లో 1965లో ఇంగ్లీషు తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు పూర్తి ఫ్రెంచి తరగతి పెట్టించుకున్నారు. కెనడాలో ఇమ్మర్షన్ అనే పద్ధతి అక్కడే మొదలైంది. ఆ పిల్లలకు సొంత భాష ఇంగ్లీషులో చదవడం రెండో తరగతిలో గానీ మొదలుపెట్టలేదు. మొదట్లో ఇంగ్లీషు చదువులో వెనకబడినట్టు కనిపించి, మొదలుపెట్టాక త్వరలోనే తోటివాళ్లను అందుకున్నారు. ఒక భాషలో ‘అక్షరానికో ధ్వని, ధ్వనులు కలిపితే మాట’ అన్న కిటుకు పట్టుబడితే రెండో భాషకు అది మళ్లీ మొదటినుంచి నేర్పక్కర్లేదు. అయితే ఆ పిల్లల ఇంట్లో, ఊళ్లో ఇంగ్లీషు నిండుగా ఉంది. మీ ఇంట్లో కూడా తెలుగు మాట నిండుగా ఉండాలి. లేకపోతే ఈ పోలిక చెల్లదు.

కాబట్టి బడిలో ఒడియా మూడక్షరాల మాటలు తడుముకోకుండా చదివేదాకా, సుమారు ఆరు నెలలు, తెలుగు చెవితోనే నడపండి. కథ, పొడుపుకథ, పాట, ‘క’తో మొదలయ్యే మాటలు చెప్పుకునే ఆట. తర్వాత వారానికి నాలుగు రోజులు, ఇరవై నిమిషాలు మించకుండా రాత. తెలుగుకు వేరే రంగు అట్ట పుస్తకం, వేరే చోటు, వేరే వేళ. ఒడియా హోంవర్కు ముగించిన వెంటనే తెలుగు పెట్టొద్దు. అక్షరమాల వరసలో వెళ్లకండి. ‘వ, ప, మ, య’ లాంటి ఒకే పోలిక ఉన్నవాటిని కలిపి, నాలుగైదు రాగానే వాటితో మాటలు కట్టించండి. గుణింతం మొత్తం ఒకేసారి వద్దు: తలకట్టు, దీర్ఘం, గుడి మొదట. ఏత్వం వచ్చినరోజు ఒడియా పుస్తకం పక్కన పెట్టి ‘అక్కడ ముందు, ఇక్కడ నెత్తిన’ అని వేలు పెట్టి చూపించండి. దాచిపెడితే కలిపేస్తుంది, చూపిస్తే విడదీసుకుంటుంది.

ప్రశ్న: ఒక ప్రైవేటు బడివాళ్లు ఒకటో తరగతి నుంచి ‘ఫ్రెంచి–ఇంగ్లీషు బైలింగ్యువల్’ అని అదనపు ఫీజు అడుగుతున్నారు. వారానికి రెండు పీరియడ్లట. చేర్చవచ్చా?
– రాయగడ

జవాబు: కాగితం తీసుకుని గంటలు లెక్కపెట్టండి. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. వారానికి ఆరు రోజులైతే అది సుమారు 33 వారాలు. రెండు పీరియడ్ల చొప్పున 66, పీరియడు 40 నిమిషాలైతే 44 గంటలు. అయిదేళ్లకు 220. ఇప్పుడు కెనడాలోని ఒంటారియో లెక్క చూడండి. ఎనిమిదో తరగతి ముగిసేసరికి ఫ్రెంచిని ఉత్త సబ్జెక్టుగా చదివేవాళ్లకే 600 గంటలు, ఇమ్మర్షన్‌లో అయితే కనీసం 3,800 గంటలు. సగం సగం అంటే రాయగడ బడిలో ఏడాదికి 400 గంటలు ఉండాలి. 44 గంటలు పాటలకూ పలకరింపులకూ సరిపోతాయి. అది చెడ్డదేం కాదు, కానీ దాన్ని బైలింగ్యువల్ అనకూడదు, ఆ పేరు మీద డబ్బు వసూలు చేయకూడదు.

బడికి వెళ్లి అడగాల్సినవి ఇవి. ఏదైనా ఒక పాఠం, లెక్కలో బొమ్మలో ఆటలో, ఫ్రెంచిలో చెబుతారా? చెప్పే టీచరు ఫ్రెంచిలో కథ చదివి వినిపించగలరా? ఆ టీచరు మానేస్తే ఎవరు? ఆరో తరగతిలో ఇది కొనసాగుతుందా? వరసగా రెండు పీరియడ్లు పిల్లల వెనక కూర్చుని వినండి. టీచరు ఒడియాలోనో ఇంగ్లీషులోనో అర్థాలు చెబుతూ పిల్లల చేత రంగుల పేర్లు, వారాల పేర్లు వల్లె వేయిస్తుంటే అయిదేళ్ల తర్వాత మిగిలేది అవే. పిల్లల స్థాయి తెలియాలంటే డెల్ఫ్ ప్రిమ్ అనే పరీక్ష ఉంది, ఏడు నుంచి పన్నెండేళ్లవారికి, ఏ1.1, ఏ1, ఏ2 అని మూడు మెట్లు. ఆ బడి పిల్లలు ఎప్పుడైనా రాశారేమో కనుక్కోండి.

2020 జాతీయ విద్యావిధానం మూడు భాషల్లో కనీసం రెండు మన దేశ భాషలై ఉండాలంటుంది, ఫ్రెంచి లాంటి విదేశీ భాషలను సెకండరీ స్థాయిలో పెట్టమంటుంది. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడేవారూ లేక, ఆ దేశం వెళ్లే ఆలోచనా లేకపోతే ఆ ఫీజు డబ్బుతో ఏడాది పొడుగునా తెలుగు, ఒడియా, ఇంగ్లీషు కథల పుస్తకాలు కొనండి. ఫ్రెంచి తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టినా వస్తుంది.

ప్రశ్న: వచ్చే ఏడు టొరంటో వెళ్తున్నాం. పాప ఒకటో తరగతి. ఇంగ్లీషే అంతంతమాత్రం. అక్కడ ఫ్రెంచి ఇమ్మర్షన్‌లో వేయవచ్చా?
– సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: వేయవచ్చు. చిన్న తరగతుల్లో అందరూ ఫ్రెంచి సున్నా నుంచి మొదలుపెడతారు కాబట్టి ఇంగ్లీషు రాకపోవడం అడ్డం కాదు. కానీ చిన్న తరగతుల్లో చేరే తలుపు ఒకటే: ఆ ప్రాంతం బడులను నడిపే బోర్డును బట్టి సీనియర్ కిండర్‌గార్టెన్‌లోనో ఒకటో తరగతిలోనో. ఆ ఏడు దాటితే మామూలుగా తీసుకోరు. దరఖాస్తు చాలా నెలల ముందే ఉంటుంది, కొన్నిచోట్ల లాటరీ. కాబట్టి ఏ ఇల్లు అద్దెకు తీసుకుంటారో తేల్చుకునేముందే ఆ ప్రాంతం బోర్డుకు రాయండి, బస్సు ఉందో లేదో కూడా అడగండి. ఇమ్మర్షన్ పిల్లలకు వినడం, చదవడం బాగా వస్తాయి. మాట్లాడటంలో, రాయడంలో లింగం, క్రియారూపాల తప్పులు ఏళ్ల తరబడి ఉంటాయి. అది అందరికీ ఉండేదే. ఇంట్లో ఫ్రెంచి రాదని బెదరకండి: రోజూ పది నిమిషాలు పాప చేత పైకి చదివించుకుని, కథ ఏమిటో తెలుగులో చెప్పించుకుంటే చాలు.

ప్రశ్న: మా ప్రాథమిక పాఠశాలలో సవర పిల్లలు, తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు ఒకే గదిలో ఉంటారు. పాఠం ఒడియాలో. ఒకటో తరగతిలో సగం మంది నోరు తెరవరు. తెలుగు టీచరును అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉందా?
– ఒక ఉపాధ్యాయిని, గుణుపురం

జవాబు: ఉంది టీచరమ్మా. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది, ఇది 1956 సవరణతో చేరింది. ఎంతమంది ఉంటే అన్నదానికి 1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న కొలత ఇప్పటికీ చెబుతారు: తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది. నోటిమాటగా అడిగితే పని కాదు. కొత్త విద్యా సంవత్సరం మొదలవక ముందే పిల్లల పేర్లు, తరగతి, ఇంటి భాష, తల్లి లేదా తండ్రి సంతకం ఉన్న పట్టికతో దరఖాస్తు బ్లాకు విద్యాధికారికి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. జవాబు రాకపోతే అదే నకలును జతచేసి జిల్లా విద్యాధికారికి, అక్కడా కదలకపోతే 350బీ కింద ఉన్న భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు రాయవచ్చు.

సవర పిల్లల విషయంలో మీ ప్రాంతానికి పెద్ద చరిత్రే ఉంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టారు. ఒడిశా ప్రభుత్వం కూడా 2007 ప్రాంతంలో పది గిరిజన భాషలతో బహుభాషా విద్య మొదలుపెట్టింది. సవర, కువి, కోయ అందులో ఉన్నాయి. మీ బడికి ఆ పుస్తకాలు రాకపోయి ఉంటే బ్లాకు కార్యాలయంలో అడగండి.

టీచరు వచ్చేదాకా రేపటినుంచే చేయగలిగింది ఇది. పాఠం మొదలుపెట్టేముందు అయిదు నిమిషాలు ఒకే ఇంటిభాష పిల్లల్ని ముగ్గురు నలుగురిని పక్కపక్కన కూర్చోబెట్టి, పాఠంలోని బొమ్మ మీద వాళ్ల భాషలో మాట్లాడుకోనివ్వండి. తర్వాత మీరు ఒడియాలో చెప్పండి. పాఠానికి అయిదు కంటే ఎక్కువ కొత్త ఒడియా మాటలు పెట్టొద్దు. ఆ అయిదిటికీ వస్తువో బొమ్మో చేత్తో పట్టుకుని చూపించండి. పిల్లవాడు సవరలోనో తెలుగులోనో జవాబు చెబితే ‘సరే’ అని ఒప్పుకుని, అదే జవాబు ఒడియాలో మీరు అనండి. మొదటి మూడు నెలలు తిరిగి అనమని బలవంతపెట్టకండి. చేత్తో చూపించడం, వస్తువు తెచ్చివ్వడం, బొమ్మ గీయడం కూడా జవాబుగానే లెక్కవేసి హాజరు పుస్తకం పక్కన ఒక చిన్న నోటులో రాసుకోండి. ఎవరు ఏ వారంలో మొదటిసారి ఒడియాలో ఒక మాట అన్నారో తేదీతో ఉంటే, వెనకబడ్డవాడు ఎవడో, ఇంకా వింటున్నవాడు ఎవడో మీకు తేడా తెలుస్తుంది. దరఖాస్తుతో పాటు ఆ నోటు నకలు కూడా జతచేయండి.